గాజు బిళ్ళలో ఏముండాలి

ఉత్తర కార్తె, ఆదివారం

పెట్టెకి పెద్దగా ఇది నా మొదటి రోజు. తెల్లవారగానే పైకప్పెక్కి మా వరస సౌరఫలకాల మీద పేరుకున్న ఉప్పు కడిగాను. ఎవరి వరస వాళ్ళే కడుక్కోవాలి, పెద్దరికం వచ్చినంత మాత్రాన మినహాయింపు లేదు. తడిసిన చీరతోనే సమావేశానికి వెళితే కూర్మారావు మాస్టారు చూసి, "పట్టాభిషేకం రోజైనా పొడిబట్ట కట్టుకోవలసింది తల్లీ" అన్నారు.

సమావేశమంటే ముగ్గురమే. మాస్టారు మా కొత్తలంగరు ఊరివారే. ఇక్కడి బడిలో యంత్రాల భాష నుడి నేర్పి రిటైరయ్యారు. సలోమి పక్కనున్న దీపాలపేట నుంచి పడవలో వస్తుంది, అక్కడి పంపులన్నీ ఆమె చేతి కిందివే. మూడోదాన్ని నేను. నాలుగేళ్ళకోసారి ముగ్గురు కూర్చుని తేల్చాల్సింది ఒకటే: పెట్టెలో ఏముండాలి, ఏముండకూడదు.

నా తరవాత వచ్చేవారికి తెలియకపోవచ్చు కాబట్టి రాస్తున్నాను. పెట్టె అని మేమంటాం గానీ అది గాజు బిళ్ళ. పాతవాళ్ళు స్టాండర్డ్ లైబ్రరీ అనేవారట. సముద్రం మీద తేలే ఈ ఏడు ఊళ్ళలో పంపు దగ్గర నుంచి వంటశాల పొయ్యి దాకా ప్రతి యంత్రమూ నుడి భాషలోనే నడుస్తుంది, ప్రతి యంత్రంలోనూ ఒక బిళ్ళ ఉంటుంది. దాని మీద చెక్కిన కోడ్‌ని ఉప్పుగాలి తినదు, కరెంటు పోయినా అది చెరగదు. మిగతా కోడంతా ఊళ్ళ మధ్య వేసిన తీగ మీద నుంచి ఏ రోజుకారోజు వస్తుంది. తుఫానుకి తీగ తెగి, యంత్రం ఒకసారి ఆగి లేచిందంటే దానికి గుర్తుండేది బిళ్ళలో ఉన్నదొక్కటే. ఇసుక పడవ వచ్చి కొలిమి వెలిగేది నాలుగేళ్ళకోసారి. అందాకా చెక్కింది చెక్కినట్టే ఉండిపోతుంది.

వచ్చిన అర్జీలు చదివాం. పెళ్ళి ముహూర్తాలు లెక్కగట్టే కోడ్ పెట్టమని ఒకాయన. ఏ ఊరి పంచాంగం ప్రకారమని అడిగిస్తే, "మా ఊరిదే, ఇంకెవరిది?" అని జవాబు వచ్చింది. తీసేశాం. ఆటుపోట్ల లెక్క పెట్టమని ఇంకొకరు. చంద్రుడు నాలుగేళ్ళలో మనసు మార్చుకోడు కాబట్టి ఉంచాం. చేపను చూసి రకం చెప్పే కోడ్ చాలా ముచ్చటగా ఉంది, కానీ రాసినావిడ దాన్ని నెలనెలా బాగుచేస్తోంది. అలాంటిది బయట ఉంటేనే బతుకుతుంది. మాస్టారు ప్రతిదానికీ ఒకటే ప్రశ్న వేస్తారు: "ఇది లేకపోతే ఎవరి ప్రాణమైనా పోతుందా?" నా ప్రశ్న వేరు: నాలుగేళ్ళు మారకుండా ఉండగలదా? రెండు ప్రశ్నలూ దాటినవి చాలా తక్కువ. సాయంత్రానికి సగం పని అయిపోయింది. ఈ పని నాకు వచ్చు అనిపించింది.

చివర సలోమి ఒక్కటే అడిగింది. నిలకడ.

అలల మీద ఊరు ఒరగకుండా అడుగు తొట్ల మధ్య నీళ్ళు తోడించే కోడ్ అది. అలపాలెంలో ఉండే గరికిన నూకరత్నం రాసింది. ఏడు ఊళ్ళూ ఆవిడ దగ్గరినుంచే తెచ్చుకుంటాయి. పోయినేడు తుఫానులో దీపాలపేట పంపు యంత్రం ఆగి లేచింది. తీగ లేదు, బిళ్ళలో నిలకడ లేదు. ఊరు ఒక పక్కకి ఒరిగి బియ్యం గది గోడ విరిగిపడింది. సలోమి భర్త దానియేలు కుడికాలు ఆ గోడ కిందే పోయింది.

"ఇది పెట్టకపోతే ఇంకేం పెట్టినా దండగేనండీ" అంది సలోమి.

మాస్టారు తలూపారు. నేనూ ఒప్పుకున్నాను. నూకరత్నం మా అమ్మకి స్నేహితురాలు, నన్నెత్తుకుని తిప్పిన మనిషి. ఆవిడ చేత సరే అనిపించడం పెద్ద పనేమీ కాదనుకున్నాను.

ఉత్తర కార్తె, గురువారం

బియ్యం పడవెక్కి అలపాలెం చేరేసరికి పొద్దు వాలింది. అన్నిటికన్నా దూరంగా, లోతు నీళ్ళలో ఉన్న ఊరు అది. రత్నం పిన్ని పెద్ద తొట్టిలో చెక్క తెప్పనొకదాన్ని తేలేసి, కాలితో నీళ్ళు కలబెడుతూ దాని ఊపు చూస్తోంది. నన్ను చూసి కాలాపలేదు.

"పెట్టి కోసమొచ్చినావా? ఒట్టి సేతుల్తో ఎల్లిపో. నాను ఇవ్వను."

"కూర్చోమని కూడా అనవా పిన్నీ?"

"కూకో. సేపల పులుసుంది, తిను. నిలకడ మాత్రం ఇవ్వను."

పులుసు తిన్నాను. తింటూనే నచ్చజెప్పాను. అందరూ నీదే వాడుతున్నారు, గాజులో పెడితే నీ పని శాశ్వతంగా ఉంటుంది అన్నాను. ఆ మాటకి ఆవిడకి ఒళ్ళు మండింది.

"గాజులోకెల్లింది సచ్చిపోయినట్టే లెక్క. వానాకాలం అలొకటి, సలికాలం అలొకటి. ఎవలో కొత్తగా ఓ రేవు కడితే నీటి నడకే మారిపోద్ది. ప్రెతిసారీ నాను మారుత్తానే ఉన్నాను. దాన్నట్టుకెల్లి బిళ్ళలో పూడిసేసి, నాలుగేల్లు సేతులు కట్టుకు కూకోమంతావా?"

"నువ్వు రాసిన అలకొలత కోడ్ పోయిన బిళ్ళలో ఉందిగా. దానికేమైంది?"

ఆవిడ అప్పుడు కాలాపింది. తెప్ప దానంతటది కాసేపు ఊగి నిలబడింది.

"దానికేటయిందో నీకు తెల్దు. బిళ్ళ పోత పోసిన వారానికే నాకు తెలిసింది, అల ఎత్తు జానెడు తక్కువ సూపిత్తందని. నానేటి సెయ్యగలను? ఊరూరా ఎవలికి ఆళ్ళు ఆ జానెడు కలుపుకున్నారు. ఇప్పుడు కొత్త బిళ్ళలో సరిసేసినావనుకో, ఏడూళ్ళూ రెండేసి సార్లు కలుపుకుంతాయి. ఇంక దాన్నెవలూ సరిసెయ్యలేరు. తప్పే ఖాయమైపోనాది."

ఇది నాకు తెలియదు. మా ఊరి పంపుల్లోనూ ఆ జానెడు కలిపే ఉందని, అదెందుకో ఎవరూ అడగలేదని అప్పుడు వెలిగింది.

"దానియేలు కాలు పోయింది పిన్నీ" అన్నాను.

"నాకు తెల్దనుకున్నావా? ఆ పిల్లకి మొకం సూపించలేకే ఆ ఊరెల్లడం మానేసినాను." చేతులు చీరకి తుడుచుకుంది. "అయినా ఇవ్వను."

హస్త కార్తె, బుధవారం

సలోమి ఈ మూడు సమావేశాల నుంచీ ఒకే మాట మీద ఉంది. "కోడ్ తీగ మీద అందరికీ కనపడుతూనే ఉంది. కాపీ తీసి చెక్కేద్దాం. ఆవిడ ఒప్పుకోవాల్సిన పనేముంది?"

నియమం ప్రకారం అలా చెయ్యొచ్చు. చేసేద్దామని దాదాపు అనుకున్నాను కూడా. కానీ ఇవాళ పొద్దున ఈశాన్యం నుంచొకటి, దక్షిణం నుంచొకటి రెండు రకాల అలలు ఒకేసారి వచ్చిపడ్డాయి. నిలకడ తడబడింది. ఎడమ తొట్టిలోంచి కుడికి, వెంటనే కుడిలోంచి ఎడమకి నీళ్ళు తోడుతూ ఊరిని ఆపాల్సింది పోయి తనే ఊపడం మొదలుపెట్టింది. వంటశాలలో గంజి కుండలు దొర్లాయి. బడిపిల్లలు కేరింతలు కొట్టారు గానీ పెద్దవాళ్ళెవరికీ నవ్వు రాలేదు. అన్నం ఉడికేలోపే అలపాలెం నుంచి సరిచేసిన కోడ్ వచ్చింది. ఏడు ఊళ్ళూ ఒక్కసారే కుదుటపడ్డాయి.

"చూశావా?" అన్నాను సలోమితో. "నిన్న చెక్కి ఉంటే నాలుగేళ్ళ పాటు ప్రతి జోడు అలకీ ఇలా ఊగేవాళ్ళం."

"తీగ తెగి ఉంటే ఆ సరిచేసింది వచ్చేదా?" అంది సలోమి.

మాస్టారు మా ఇద్దరినీ చూసి కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆమె అన్నదీ నిజమే, రత్నం పిన్ని అన్నదీ నిజమే. ఇసుక పడవ వచ్చేసింది. స్వాతి కార్తెలోపు పోత పూర్తయి బిళ్ళలు ఊళ్ళకి చేరకపోతే ఆ తరవాత పడవలు తిరగవు.

చిత్త కార్తె, సోమవారం

ఇవాళ మంచినీళ్ళు పట్టే వంతు మాది. మా ఊరి ఉప్పు తీసే యంత్రం రిపేరులో ఉంది కాబట్టి దీపాలపేట నీళ్ళ పడవ వచ్చింది. గొట్టం లాక్కొచ్చి మా ట్యాంకు మూతికి బిగించాను. వాళ్ళ గొట్టం రబ్బరుది, మాది గుడ్డది. వాళ్ళ పంపు కొత్తది, మాది మా నాన్న కాలంది. మూతి మాత్రం ఏడు ఊళ్ళలోనూ ఒకటే కొలత. ఎప్పుడో ఎవరో కూర్చుని ఒప్పుకున్న కొలత అది. అందుకే ఎవరి నీళ్ళు ఎవరి ట్యాంకులోకైనా పారతాయి.

ట్యాంకు నిండి నీళ్ళు పాదాల మీద పొర్లేదాకా అలాగే నిలబడిపోయాను.

తడిపాదాలతోనే వెళ్ళి మాస్టారిని లేపి, దీపాలపేట పడవలోనే సలోమికి కబురంపాను. మధ్యాహ్నానికి ముగ్గురం కూర్చున్నాం. నేను చెప్పింది ఇదీ: బిళ్ళలో రత్నం పిన్ని నిలకడ పెట్టం. మూతి పెడతాం. ఊరు ఎటు ఎంత ఒరిగింది, తొట్లెన్ని, ఏ తొట్టిలో ఎన్ని నీళ్ళున్నాయి, ఇవి యంత్రం ఏ వరసలో అందించాలి. ఎక్కడినుంచి ఎక్కడికి ఎన్ని తోడాలన్న జవాబు ఏ వరసలో రావాలి. అంతవరకే గాజు మీద చెక్కుతాం. అది నాలుగేళ్ళు కాదు, నలభై ఏళ్ళయినా మారనక్కర్లేదు. లోపల ఆలోచించే కోడ్ ఎవరిదైనా కావచ్చు, తీగ మీద నుంచి రావచ్చు, ఎన్నిసార్లయినా మారవచ్చు. ఏదీ రాని రోజు కోసం ఆ మూతికి ఒక మొద్దు నిలకడ బిగించి ఉంచుతాం. ఒరిగిన పక్కనుంచి కొంచెం తోడి, ఆగి, చూసి, మళ్ళీ కొంచెం తోడేది. దానికి అల గురించి ఏమీ తెలియనక్కర్లేదు.

"ఊరు ఒరుగుతుంది కదా" అంది సలోమి.

"ఒరుగుతుంది. పడిపోదు."

"అందరూ వాంతులు చేసుకుంటారు."

"చేసుకుంటారు. బతుకుతారు."

"మందాకిని గారూ, మీ ఇంట్లో ఎవరికీ కాలు పోలేదు" అంది సలోమి. గొంతు పెంచలేదు. "మంచి కోడ్ కళ్ళెదురుగా ఉండగా మొద్దుది పెడతానంటున్నారు. నేను ఒప్పుకోను."

మాస్టారు నా వైపు చెయ్యెత్తారు. మేమిద్దరం ఒకవైపు, ఆమె ఒకవైపు. నిర్ణయం రాసి సంతకం చేశాను. సలోమి కాగితం వైపు చూడకుండా వెళ్ళిపోయింది. నాకు బాధేసింది గానీ అనుమానం మాత్రం రాలేదు.

సాయంత్రం తీగ మీద రత్నం పిన్నిని పిలిచి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"అంటే, ఎవలు రాసినా నా సోట్లో పట్టేత్తాదా?"

"పట్టేస్తుంది పిన్నీ."

"మరింక నానెందుకు?" అని పెట్టేసింది.

చిత్త కార్తె, శుక్రవారం

మొద్దు నిలకడని నేను రాశాను, మాస్టారు రాశారు. రెండూ మరీ తెలివిగా తయారయ్యాయి. అల ఎత్తు చూడకుండా ఉండలేకపోయాం.

ఇవాళ పొద్దున, అడక్కుండానే, రత్నం పిన్ని దగ్గరినుంచి మొద్దు నిలకడ కోడ్ వచ్చింది. ఒక్క పేజీ. దానితోపాటు ఆవిడ గొంతు: "నాలుగు దినాలు పట్టినాది. ఇంత కట్టమైన పని నానెప్పుడూ సెయ్యనేదు. ప్రెతి మాట కాడా ఏదో ఒక తెలివి సూపించాలనిపిత్తాది, సెరిపీడం. సూసుకోండి. ఇందులో నాకు తెలిసిందేటీ నేదు."

ముగ్గురం చూశాం. ముగ్గురం అంటే సలోమి కూడా. వచ్చి, చదివి, తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు పంపు ఉత్తినే తిరగకుండా ఒక షరతు చేర్చమంది. చేర్చాం. మూతి వరస మాత్రం కాగితం మీద రాసుకుని, సంచిలో పెట్టుకుని వెళ్ళింది. ఎందుకని అడగలేదు.

రేపు కొలిమి వెలుగుతుంది.

స్వాతి కార్తె, మంగళవారం

బిళ్ళలు ఊళ్ళన్నిటికీ చేరాయి, చివరి పడవ మొన్ననే తిరిగొచ్చింది. ఇవాళ తుఫాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఉదయమే తీగ తెగింది. అప్పటికి పిన్ని నిలకడే నడుస్తోంది, ఊరు బాగానే ఉంది. ఆ తరవాత పంపు గది తలుపు కింద నుంచి నీళ్ళొచ్చి యంత్రం ఆగింది. నేనూ మాస్టారూ నీళ్ళు తోడి, తడి తుడిచి మళ్ళీ వేశాం. బిళ్ళతో లేచింది. మొద్దు నిలకడ పని మొదలుపెట్టింది.

ఊరి ఒరుగు చూపడానికి గోడకి వేలాడదీసిన తూకపు గుండు, ప్రమాదానికి గుర్తుగా గీసిన ఎర్రగీత వైపు జరిగింది. పంపు కొంచెం తోడింది, ఆగింది. గుండు ఇంకొంచెం జరిగింది. పంపు మళ్ళీ తోడింది. గీతకి రెండు వేళ్ళ ఇవతల గుండు ఆగి, నింపాదిగా వెనక్కి వచ్చింది. పక్క అలకి మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అక్కడే ఆగింది. మాస్టారు బకెట్ పట్టుకుని వాంతి చేసుకుంటూనే, "ఆగింది తల్లీ, ఆగింది" అన్నారు. గీత దాటదని నాకు తెలుసు. తెలిసినా గుండు మీంచి చూపు తిప్పలేదు.

అయితే మేం లెక్కవెయ్యనిది ఒకటుంది. ఊరు అంతంతసేపు ఒక పక్కకే ఒరిగి ఉండటంతో తూర్పు లంగరు తాళ్ళ మీద బరువంతా పడింది. వాటిలో ఒకటి తెగిన చప్పుడు పంపు గదిలోకి వినపడింది. మిగిలినవి రెండే.

అలపాలెం గొంతు అందనంత దూరం. దీపాలపేటకి మాత్రం చేతి రేడియో అందుతుంది. పిలిచాను. సలోమి పలికింది.

"మా ఊరు నిటారుగానే ఉంది. మీ మొద్దుదాన్ని నమ్మలేక నాది నేను రాసుకున్నాను. మూతికి సరిగ్గా పట్టింది. రాత్రే పూర్తయింది, తీగ మీద పెట్టేలోపే తెగిపోయింది."

"చదువు" అన్నాను.

"ఏంటి?"

"నువ్వు చదువు, నేను కొడతాను."

"మా ఊరికి ఎనిమిది తొట్లు. మీకు ఆరే. నేనెక్కడా వేరే ఊళ్ళో నడిపి చూడలేదు."

"తొట్ల లెక్క మూతే చెబుతుంది. నువ్వు ఎనిమిది అని ఎక్కడైనా రాశావా?"

తన కోడ్ మొదటినుంచి చూసుకుంటున్న గొణుగుడు గరగరలో వినపడింది. "లేదు" అంది. "ఎక్కడా రాయలేదు."

చదవడం మొదలుపెట్టింది. గాలి హోరులో ఒక్కో మాటా రెండుసార్లు. మాస్టారు బకెట్ పక్కన పెట్టి, రేడియో చెవికానించుకుని, ఆమె అన్నది బడిలో చదివించినట్టు గట్టిగా పలికారు. నేను కొట్టాను. "'ఒరుగు పెరుగుతుంటే' తరవాత 'తగ్గుతుంటే' అనేనా?" "'తగ్గుతుంటే' కాదండీ, 'పెరగడం తగ్గుతుంటే'!" ఆ ఒక్క మాట దగ్గరే ముగ్గురం నాలుగుసార్లు అరుచుకున్నాం. రెండో తాడు తెగింది. నేను కొడుతూనే ఉన్నాను.

"అంతే. అయిపోయింది" అంది సలోమి. "మందాకిని గారూ, తప్పుంటే?"

"తప్పుంటే మొద్దుది కిందే ఉంది, దానికే వెళ్ళిపోతాం" అని నడిపించాను.

పంపు గొంతు మారింది. ఆగడం లేదు, అలాగని తొందరపడడమూ లేదు. అల వచ్చేలోపే తొట్టిలోకి నీళ్ళు చేరుతున్నాయి. గుండు ఎర్రగీతను వదిలి గోడ మధ్యకి వచ్చి, అక్కడక్కడే కొద్దిగా ఆడుతూ ఉండిపోయింది. పైన ఎవరో పళ్ళెం తీసి నిలబెట్టిన చప్పుడు, ఆ పళ్ళెం కింద పడకపోవడం కూడా వినపడ్డాయి.

రేడియోలో, "ఏమైంది? చెప్పండి, ఏమైంది?" అని సలోమి అడుగుతూనే ఉంది. మాస్టారు చెప్పారు.

విశాఖ కార్తె, ఆదివారం

తీగ అతికారు. ఏడు ఊళ్ళూ ఉన్నాయి. మూడు ఊళ్ళలో యంత్రాలు ఆగి మొద్దు నిలకడతో లేచాయి. అందరూ వాంతులు చేసుకున్నారు, అందరూ నన్ను తిట్టారు, ఒక్కరికీ ఏమీ కాలేదు.

ఇవాళ మొదటి పడవలో రత్నం పిన్ని దిగింది. నేను పిలవలేదు. సలోమి రాసిన కోడ్ తీగ మీద చూసి వచ్చిందట. కాసేపటికి దీపాలపేట పడవలో సలోమి, ఊతకర్రతో దానియేలు వచ్చారు. వాళ్ళని నేనే పిలిచాను, లంగరు తాళ్ళు మార్చాలి.

పిన్ని దానియేలుని చూసి లేచి నిలబడింది. ఊతకర్రకి దారిస్తూ పక్కకి జరిగింది.

"కూర్చోండి రత్నమ్మ గారూ" అన్నాడు దానియేలు. "పడవ దిగి ఎంతసేపయింది? ఏమైనా తిన్నారా?"

"బాబూ, ఆ నాడు నాను..."

"మీ కోడ్ ఆ రోజు మా ఊళ్ళో ఉండి ఉంటే గోడ పడేదే కాదు. లేనిదానికి మీరేం చేస్తారు? కూర్చోండి."

ఆవిడ కూర్చుంది. చాలాసేపు చీర కొంగుతో మొహం ఒత్తుకుంది. సలోమి ఎదురుగా నిలబడే ఉంది. తరవాత తనూ కూర్చుంది, కాస్త ఎడంగా.

నేను టీ పెట్టి తెచ్చేసరికి ఆ ఎడం లేదు. ఇద్దరి తలలూ ఒకే తెర మీద వంగి ఉన్నాయి.

"ఇదేటే, అల రాకముందే తోడేత్తన్నావు? రాకపోతే?"

"వస్తుందండీ. మీరు వచ్చాక తోడతారు, అందుకే మీది ఆలస్యం."

"ఆలీసమా? నాదా?" పిన్ని గొంతు మళ్ళీ ఎప్పటి స్థాయికి చేరింది. "ఒలే మందాకినీ, ఇలా రా! పెట్టి పెద్దవి గదా, నువ్వే సెప్పు. నాది సరా, దీనిది సరా?"

"మీరే చెప్పండి" అంది సలోమి కూడా.

నేను టీ గ్లాసులు ఇద్దరి ముందూ పెట్టాను.

"మూతి వరకే నాది" అన్నాను. "లోపలి సంగతి మీరూ మీరూ తేల్చుకోండి."

తాళ్ళు మార్చడానికి దానియేలు, మాస్టారు తూర్పు వైపు వెళ్ళారు. వాళ్ళ వెనకే నేనూ వెళ్ళాను. ఆ వాదన అక్కడికీ వినపడుతూనే ఉంది.